కడుపు కొయ్యని చేపలు

పోయినేడు సీజన్‌లో నేను తొమ్మిది వందల పన్నెండు చేపల్ని కొలిచాను. కొలతల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. ఆ మాట ఎవరి ముందైనా, ఎక్కడైనా చెప్పగలను. తప్పంతా కొలతల పక్క గడిలో ఉంది. ఆ సంగతి ఈ ఏడు సీజన్ మొదలయ్యాక తెలిసింది, అప్పటికే గోడకు ఉత్తర్వు కాగితం ఎక్కేసింది.

కాగితం అంటించింది కూడా నేనే. చేపల శాఖలో కాంట్రాక్టు మీద కొలతల పని నాది. మా రేవు షెడ్డు గోడలు పొద్దస్తమానం చెమ్మగా ఉంటాయి, మామూలు జిగురు పట్టదు. అందుకని ఇంటి దగ్గర మైదా ఉడికించి డబ్బాలో పోసుకుని వెళ్లాను. నాలుగు మూలలూ గట్టిగా అదిమాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చేసే పని ఏదైనా ఒద్దికగా చెయ్యాలని అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది.

"చదువు, డిగ్రీ" అన్నాడు చిన్నాన్న వెనక నుంచి. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి నాలుగేళ్లయింది. ఆయన్ని రేవంతా రేడియో అంటారు. "నీ గొంతుతో వింటే చేదు మాట కూడా కాస్త తియ్యగా ఉంటుంది."

చదివాను. ముక్కు కొస నుంచి తోక చీలిక దాకా అరవై అయిదు సెంటీమీటర్లు లేని నుదురుచేపను ఒడ్డుకు చేర్చరాదు. క్షేత్రస్థాయి సమాచారం ప్రకారం అంతకు తక్కువవి అపరిపక్వ దశలో ఉన్నట్టు నిర్ధారణ అయినందున. మొదటిసారి ఉల్లంఘిస్తే చేపల జప్తు. రెండోసారి పడవ లైసెన్సు రద్దు.

"అపరి... అంటే?" అన్నాడు నాన్న.

"పిల్లచేపలని నాన్నా."

నాన్న కాగితం వంక చూశాడు. ఆయనకు అక్షరాలు రావు, అయినా చదువుతున్నవాడిలాగే పై నుంచి కింది దాకా చూశాడు. "అరవై అయిదంటే ఎంత?"

నేను చేతులు చాచి చూపించాను. షెడ్డులో ఉన్న పదిపదిహేను మందీ ఒకసారి నా చేతుల మధ్య ఖాళీని చూశారు. చిన్నాన్నే అన్నాడు. "అంత పొడుగుది మన తెప్ప కిందికి రావాలంటే కబురు పెట్టాలి. మన దగ్గరకొచ్చేవన్నీ ఇస్కూలు పిల్లలే."

ఆయన ఎగతాళి చేసినా మాట నిజం. నుదురుచేపకు పుస్తకాల్లో పెద్ద లాటిన్ పేరుంది, పెద్ద హోటళ్లలో మహిమహి అని రాస్తారట. మగదానికి నుదురు గోడలా నిటారుగా లేస్తుంది కాబట్టి మా వాళ్లు నుదురుచేప అంటారు. దానికి నీడంటే ప్రాణం. సముద్రంలో ఏది తేలుతున్నా, విరిగిన కొమ్మ గానీ పాత డ్రమ్ము గానీ, దాని కిందికి చేరుతుంది. చిన్న పడవల వాళ్లు వెదురుబొంగులు కట్టి, కింద కొబ్బరిమట్టలు వేలాడదీసి, రాళ్లతో లంగరు వేసి వదులుతారు. దాన్నే తెప్ప అంటాం, మనిషెక్కేది కాదు. దాని కింద గుంపు కట్టేవి మూరెడు, మూరెడుంబావు చేపలు. పొడుగువి ఇంకా లోపల, మరబోట్లు తిరిగే చోట ఉంటాయి. ఆ కాగితం మరబోట్లకు తగల్లేదు. మాకు తగిలింది.

మా సీజన్ పది వారాలు. ఆ పది వారాలూ నాన్న తెప్ప దగ్గరకు పోకపోతే మిగతా ఏడాది మా ఇల్లు గడవదు.

*

నాన్న మొదటి వారంలోనే పట్టుబడ్డాడు. పట్టించింది ఎవరో కాదు, నేనే.

తనిఖీ ఇన్‌స్పెక్టరు కొత్తగా వచ్చాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో జప్తు పుస్తకం. కొలబద్ద మాత్రం నా దగ్గరే ఉంటుంది, అది శాఖ వాళ్లు నాకిచ్చిన చెక్కబల్ల, దాని మీద గీతలు. నాన్న పడవ ఒడ్డుకు రాగానే ఆయన నా వైపు చూసి, "కొలవండి మేడమ్" అన్నాడు.

నాన్న బుట్టలోంచి మొదటి చేపను తీసి నా బల్ల మీద తనే పెట్టాడు. మెత్తగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. ముక్కు చెక్కకు ఆనించాను. తోక చీలిక దగ్గర గీత చూశాను. మూడు సెంటీమీటర్లు తగ్గింది. వేలు అడ్డుపెట్టి కొంచెం అటూ ఇటూ జరిపితే ఇన్‌స్పెక్టరుకు తెలిసేది కాదు.

"అరవై రెండు" అన్నాను.

తర్వాతది యాభై నాలుగు. ఆ తర్వాత యాభై ఏడు. బుట్ట మొత్తం కొలిచాక ఒక్కటి నిలిచింది. మిగతావన్నీ షెడ్డు వెనక గుంటలో పోసి ఫినాయిల్ చల్లారు.

ఇంటికొచ్చాక చిన్నాన్న మాట్లాడకుండా ఉండలేకపోయాడు. "పోలీసు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు వదినా. మనింట్లోనే ఉంది, మన కంచంలోనే తింటోంది."

"దాని పని అది చేసింది" అంది అమ్మ. "నువ్వు కాసేపు ఆఫ్ చేసుకో."

నాన్న అన్నం తింటూ తలెత్తలేదు. తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "ఒక్కటి చెప్పమ్మా. అవి నిజంగా పిల్లలేనా?"

"అవును నాన్నా. నేనే చూశాను కదా. వందల్లో చూశాను."

"నువ్వు చూశావంటే సరే" అన్నాడు. ఆ 'సరే'లో కోపం ఉన్నా తట్టుకునేదాన్ని. ఆయన నిజంగానే సరే అన్నాడు. "రేపు నాతో పడవలో రా. అక్కడే కొలువు. తక్కువున్నవి అక్కడే వదిలేద్దాం. నలుగురిలో నీ చేత కొలిపించుకోవడం నాకేం బాలేదు."

*

తెల్లారుతుండగా నాన్న, చిన్నాన్న, నేను తెప్ప దగ్గరికి చేరాం. నీళ్లు గాజుపలకలా ఉన్నాయి. కొబ్బరిమట్టల కింద పసుపూ ఆకుపచ్చా కలిసిన మెరుపులు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

మా వాళ్ల పద్ధతి ఒకటుంది. మొదటి చేప గాలానికి పడగానే పైకి లాగరు. పడవ పక్కనే, నీళ్లలోనే ఉంచుతారు. అది నీళ్లలో ఉన్నంతసేపూ మిగతా గుంపు దాని చుట్టూనే తిరుగుతుంది, వదిలి పోదు. చిన్నాన్న దాన్ని జామీను అంటాడు. జామీను నీళ్లలో ఉండగా మిగతా వాళ్లను ఒక్కొక్కరినే పిలవొచ్చు.

పైకి లాగిన చేప పడవలో పడేటప్పుడు నిలువెల్లా బంగారం. రెక్కలు నీలం. రెండు మూడుసార్లు కొట్టుకుంటుంది. చూస్తుండగానే ఒంటి మీద రంగులు ఆరిపోయి బూడిదరంగు మిగులుతుంది. నా కాలేజీ పుస్తకంలో దాని రంగుల బొమ్మ ఉంది గానీ, ఆరిపోవడం బొమ్మలో ఉండదు.

కొలిచాను, యాభై రెండు. "వదిలెయ్ నాన్నా."

నాన్న గాలం తియ్యబోయాడు. కొక్కెం గొంతు దాటి పోయింది. తీసేలోపే అది చచ్చిపోయింది. నాన్న అలవాటు చొప్పున కత్తి తీసి, మొప్పల దగ్గర నుంచి కిందికి ఒక్క గీత గీశాడు. లోపల ఉన్నదంతా చేత్తో లాగి తెప్ప కిందికి విసరబోయాడు. ఐసు లేని పడవల్లో ఎండ ఎక్కేలోపు కడుపు తియ్యకపోతే చేప పాడైపోతుంది, పైగా తీసిన పేగులు తెప్ప కింద పడేస్తే గుంపు అక్కడే ఉంటుంది. మా తాతల నాటి నుంచీ అంతే.

ఆయన గుప్పిట్లో పేగుల మధ్య రెండు పొడుగాటి సంచులు కనిపించాయి. నారింజరంగు. మధ్య వేలంత లావు.

"ఆగు నాన్నా. అదేంటి?"

"ఏది? గుడ్లు."

"దీనికా?"

"దీనికే. దీని కడుపులోంచే కదా తీశాను."

"ఇంత చిన్నదానికి గుడ్లేంటి?"

చిన్నాన్న నవ్వాడు. "చిన్నదేంటి తల్లీ, పెళ్లీడు ఎప్పుడో దాటింది. ఈ సైజువి సగానికి సగం ఇంతే, కడుపు నిండా."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే."

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాన్న నెమ్మదిగా అన్నాడు. "నువ్వు అడగలేదు కదమ్మా. చదువుకున్నదానివి. నీకు తెలిసే ఉంటుందనుకున్నాం."

నేను పడవ అడుగున చతికిలబడ్డాను. పోయినేడు ఫారం కళ్ల ముందుకొచ్చింది. పొడవు. బరువు. గుడ్లు: ఉన్నాయి, లేవు. నేను ఒక్కో చేపను పైకెత్తి, పొట్ట విప్పి, లోపల శుభ్రంగా కడిగినట్టున్న ఖాళీని చూసి 'లేవు' అని రాశాను. మరబోట్ల చేపలు పొట్ట కొయ్యకుండా ఐసులో నిండుగా వస్తాయి కాబట్టి వాటికి 'ఉన్నాయి' అని రాశాను. చిన్నవాటికి వరసగా లేవు, లేవు, లేవు. కాగితంలో అది ఎంత చక్కగా కుదిరిందంటే, పెద్దవి తల్లులు, చిన్నవి పిల్లలు.

బయటివాడెవడైనా ఈ పనికి వచ్చి ఉంటే మొదటి రోజే అడిగేవాడు, వీటి పొట్టలు ఏమయ్యాయని. నాకు ఆ ప్రశ్న తట్టలేదు. పుట్టిన దగ్గర నుంచి మా ఒడ్డున నేను చూసిన చిన్న పడవల నుదురుచేపలన్నీ పొట్ట కోసినవే. నా దృష్టిలో మా చేపంటేనే అలా ఉంటుంది.

కాలేజీ పుస్తకంలో ఉంది, ఈ చేప పుట్టిన నాలుగైదు నెలలకే గుడ్లు పెడుతుందని. తల లోపల పప్పుగింజలో సగం కూడా లేని చెవిరాయి ఒకటుంటుంది, దాని మీద రోజుకో గీత పడుతుంది. మా చేపల గీతలు నేనే భూతద్దం కింద లెక్కపెట్టాను. నూట ముప్ఫై, నూట నలభై. అంటే నాలుగున్నర నెలలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూడా, మన సముద్రంలో వేరుగా ఉందేమో అనుకున్నాను. పుస్తకం కంటే నా చేతిరాత మీద నమ్మకం ఎక్కువ.

జామీను చేప ఇంకా నీళ్లలోనే తిరుగుతోంది. "దాన్ని వదిలేసి పోదాం పదండి" అన్నాను.

*

ఆఫీసులో మా సారు మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి. నేను చెప్పింది మొత్తం విన్నాడు, మధ్యలో రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఎన్ని ఎంట్రీలు తప్పు?"

"చిన్న పడవలవి మొత్తం సార్. నాలుగు వందల అరవై."

"సంతకం?"

"నాదే సార్."

"దాని కింద నాది" అన్నాడు. "నా కింద ఇంకా ముగ్గురివి. ఉత్తర్వు పై నుంచి వచ్చింది. ఇప్పుడు నేను పోయి, మా పిల్ల ఖాళీ పొట్టలు చూసి గుడ్లు లేవని రాసిందండీ అంటే ఏమంటారు?"

"తప్పు జరిగిందంటారు సార్."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "నీ కాంట్రాక్టు పర్మనెంటు చెయ్యమని ఈ నెలే పైకి రాశాను. అమ్మాయ్, విను. ఈ ఒక్క సీజన్ పోనీ. వచ్చే ఏడు నువ్వే సరిగ్గా రాయి, లెక్క దానంతటదే మారుతుంది. ఎవరికీ మాట రాదు."

"ఆ చేప బతికేదే రెండు మూడేళ్లు సార్. దానికి ఒక్క సీజన్ అంటే చాలా. మా నాన్నకి కూడా."

"రుజువు కావాలి. కోసిన చేప తెచ్చి చూపిస్తే రుజువు కాదు, ఎక్కడివో గుడ్లు పక్కన పెట్టారంటారు."

"కొయ్యనివి తెస్తాను."

"ఎలా తెస్తావు? అరవై అయిదు లేనిది ఒడ్డుకు తేకూడదు. తెస్తే కేసు."

"అంటే రుజువు తేవడమే నేరమా సార్?"

నేను అప్పటికే రాసుకొచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టాను, తప్పు నాదేనని, ఎలా జరిగిందో వివరంగా. ఆయన దాన్ని చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చాడు. ముద్ర వెయ్యలేదు. ముద్ర లేకపోతే అది ఆఫీసుకు వచ్చినట్టు కాదు.

"ఇంటికి పో" అన్నాడు. "బాగా ఆలోచించుకో."

బస్సు దిగి ఇంటిదాకా నడుస్తూ ఆలోచించాను. నాకు తట్టిందల్లా ఒక్కటే. నేను గీసిన గీతకు ఇవతల మా నాన్న నిలబడి ఉన్నాడు. దాన్ని నేను చెరపకపోతే ఇంకెవరూ చెరపరు.

*

"అయితే కొయ్యకుండా తేవాలి. అంతేగా" అంది అమ్మ. బియ్యంలో రాళ్లు ఏరుతోంది, చేట మీంచి చూపు తిప్పలేదు.

"అంతేగా అంటావేంటమ్మా. మొదటిసారి అయిపోయింది. రెండోసారి అంటే లైసెన్సు పోతుంది."

"లైసెన్సు పెట్టుకుని ఇప్పుడేం చేస్తున్నాం? గోడకి తగిలించి చూసుకుంటున్నాం."

"వదినా, ఎండకి కొయ్యని చేప ఒడ్డు చేరేసరికి కుళ్లుతుంది" అన్నాడు చిన్నాన్న. "అప్పుడు గుడ్లు కాదు, పురుగులు చూపించాలి."

"ఐసు ఫ్యాక్టరీలో నేను అడుగుతాను. రెండు దిమ్మలు ఇవ్వరా నాకు? ఇరవై ఏళ్లుగా ఆ గేటు ముందు చేపలు కోస్తున్నాను."

నాన్న ఉన్నట్టుండి నన్ను అడిగాడు. "నీ ఉద్యోగం?"

"పోవచ్చు."

"పోనిస్తావా?"

"తప్పు రాసి ఉంచుకున్న ఉద్యోగం ఎందుకు నాన్నా."

"నాకు లైసెన్సు పోయినా చేతులుంటాయి. నీకు అది పోతే మళ్లీ ఎంత చదవాలో ఏంటో" అన్నాడు. కాసేపు అరచేతులు రుద్దుకున్నాడు. గాలపు తాడు కోసిన గీతలు ఆ చేతుల్లో అడ్డదిడ్డంగా ఉంటాయి. "దొంగచాటుగా వద్దు. తెస్తే పదిగంటలకు తెస్తాను. ఆ ఇన్‌స్పెక్టరు ఉన్నప్పుడే. షెడ్డు ముందు నుంచే."

"అన్నయ్య మాట్లాడాడు" అన్నాడు చిన్నాన్న. "ఇంక నేను ఆఫ్."

*

మర్నాడు పదింటికి నాన్న పడవ వచ్చింది. ఐసు పెట్టె మూత తీస్తే ముప్ఫై నాలుగు చేపలు, ఒక్కదానికీ కత్తి తగల్లేదు. అంత చిన్నవాటిని నిండు పొట్టలతో చూస్తే నాకే కొత్తగా ఉంది.

ఇన్‌స్పెక్టరు చూసి ముందు నమ్మలేదు. "ఏంటయ్యా ఇది? నీకు రెండోసారి, తెలుసుగా?"

"తెలుసండీ. అందుకే మీ దగ్గరకే తెచ్చాను."

"తెలిసి కూడా తెస్తారా?"

"జప్తు చెయ్యండి సార్" అన్నాడు నాన్న. "పుస్తకం తియ్యండి."

అమ్మ అప్పటికే షెడ్డు మధ్య పీట వేసుకుని కూర్చుంది. కొంగు నడుముకు చుట్టి, కత్తిని రాయి మీద రెండుసార్లు గీసింది. చేపలు కొనడానికి వచ్చినవాళ్లు, మిగతా పడవల వాళ్లు చుట్టూ చేరారు. నేను కొలబద్ద కింద పెట్టాను.

ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచి, "ముప్ఫై నాలుగు, తక్కువ సైజు" అని రాసి సంతకం పెట్టబోయాడు.

"అలా చెల్లదు సార్" అన్నాను. "ప్రతి చేపకీ పొడవు, స్థితి అని గడులున్నాయి. ఖాళీ వదిలితే జప్తు నిలవదు. వెనక నియమాల్లో ఉంది."

ఆయన పుస్తకం వెనక్కి తిప్పి చదివాడు. ఉంది. పెన్ను మూత మళ్లీ తీశాడు.

"మీరు ఇంతకీ ఎవరి వైపు మేడమ్?"

"కొలిచే వైపు సార్. రాయండి. మొదటిది, యాభై మూడు."

అమ్మ ఆ చేపను తీసుకుంది. మొప్పల దగ్గర కత్తి పెట్టి కిందికి గీసింది. రెండు చేతుల్తో పొట్ట విప్పి, ఇన్‌స్పెక్టరు వైపు తిప్పింది. నారింజరంగు సంచులు రెండూ ఉన్న చోటనే ఉన్నాయి.

"గుడ్లతో" అన్నాను.

ఆయన రాయలేదు.

"కనిపించట్లేదా బాబూ?" అంది అమ్మ. చేపను ఇంకాస్త దగ్గరకు జరిపింది. నీళ్లు ఆయన బూటు మీద కారాయి. "ఇంకొంచెం వంగు."

వెనక ఎవరో నవ్వారు. ఆయన వంగాడు, చూశాడు, రాశాడు.

రెండోది యాభై ఎనిమిది, మగది. మూడోది నలభై తొమ్మిది, గుడ్లతో. నాలుగోది యాభై ఒకటి, గుడ్లతో. అమ్మ ప్రతి చేపనూ అలాగే విప్పి పట్టుకుంది, ఆయన రాసిందాకా దించలేదు. మగవాటిని కూడా చూపించింది. గుడ్లు లేని ఆడవి రెండు వచ్చాయి. "ఇది లేదు, అది కూడా రాసుకో" అంది. నేను పోయినేడు రాయాల్సిన ఫారం నా కళ్ల ముందే, ఇంకొకరి చేతిరాతలో, నిండుతూ పోయింది.

పదిహేనోది దాటాక షెడ్డులో నా గొంతు, కత్తి చప్పుడు, పెన్ను చప్పుడు.

ముప్ఫై నాలుగింట్లో ఆడవి ఇరవై ఒకటి. గుడ్లతో ఉన్నవి పంతొమ్మిది. అన్నీ అరవై అయిదుకు లోపలే. ఇన్‌స్పెక్టరు మొత్తం వేసి, తేదీ వేసి, సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. సాక్షి సంతకం దగ్గర నన్ను చూశాడు. నేను సంతకం చేసి, నా హోదా రాసి, దాని కింద రెండు వాక్యాలు చేర్చాను. 'పోయినేడు చిన్న పడవల చేపలకు గుడ్లు లేవని రాసినది నేనే. పొట్ట తీసేసిన చేపలను చూసి రాశాను కనుక అది తప్పు.'

ఆయన అది చదివాడు. చాలాసేపు చదివాడు. "ఇది పైకి వెళ్తుంది" అన్నాడు నెమ్మదిగా.

"వెళ్లాలనే సార్."

తర్వాత నాన్న దగ్గర లైసెన్సు తీసుకున్నాడు. నాన్న దాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు కవరు తిరిగి ఇవ్వబోతే, "ఉంచండి, తడుస్తుంది" అన్నాడు.

*

ఉత్తర్వును నిలిపివేస్తున్నట్టు ఇంకో కాగితం రావడానికి పదహారు రోజులు పట్టింది. అందులో తప్పు మాట లేదు, నా మాట లేదు, పునఃపరిశీలన అని మాత్రం ఉంది. నాన్న లైసెన్సు అదే కవరులో తిరిగొచ్చింది, అప్పటికి సీజన్ ఆరు వారాలు మిగిలింది. నా కాంట్రాక్టు నెలాఖరున అయిపోయింది, పొడిగించలేదు. సారు ఫోన్ చేసి తనకు బాధగా ఉందన్నాడు. నిజంగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు నేను రొయ్యల హేచరీలో పనిచేస్తున్నాను. అక్కడ నేను గడి నింపే ముందు అడిగే ప్రశ్నలు భరించలేక మేనేజరు నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటాడు.

ఇదంతా తర్వాత సంగతి. ఆ పదహారు రోజుల్లో మొదటి రోజు గురించి చెప్పి ఆపుతాను.

లైసెన్సు పోయిన మర్నాడు. షెడ్డుకు రావద్దని నాకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కొలబద్ద అప్పజెప్పాలి కదా అని ఆ వంకతో వెళ్లాను. నాన్న నాతోనే వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని, పని లేనివాడిలా. అమ్మ పీట పట్టుకుని ముందే పోయింది. ఎందుకు పోయిందో చెప్పలేదు.

పదింటికి ఒక పడవ వచ్చింది. దాని వెనక ఇంకోటి. మొత్తం అయిదు. అన్నిట్లోనూ ఐసు పెట్టెలు. నాకు తెలిసి మా ఇంట్లో ఎవరూ వాళ్లతో ముందుగా మాట్లాడలేదు, చిన్నాన్న మాట్లాడి ఉంటే ఉండొచ్చు, ఆయన్ని ఆపగలిగే వాళ్లెవరు. మొదటి పడవ ఆయన పెట్టె మూత తీసి, నాన్న వంక చూడకుండానే ఇన్‌స్పెక్టరుతో అన్నాడు. "నాయి ఇరవై ఆరండి. కొయ్యలేదు."

"నాయి నలభై" అన్నాడు వెనకాయన.

అమ్మ పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్లు పీటలు వేసుకున్నారు. కత్తులు రాళ్ల మీద గీసిన చప్పుడు అందరివీ ఒకేసారి వినిపించింది. నేను కొలబద్దను అప్పజెప్పకుండా కింద పెట్టి కూర్చున్నాను.

రెండు గంటలపాటు రాశాడు ఇన్‌స్పెక్టరు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మొదటి పెన్ను ఆగిపోతే రెండోది తీశాడు. మూడో పడవ సగంలో ఉండగా పేజీ తిప్పాడు, ఇంకో పేజీ లేదు, అట్ట వచ్చింది.

"పుస్తకం అయిపోయింది" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు, బహుశా తనతోనే. "ఇంక ఇవాళ్టికి చాలు. వెళ్లండి."

ఎవరూ కదల్లేదు. అమ్మ చేతిలో విప్పి పట్టుకున్న చేప అలాగే ఉంది. దాన్ని దించకుండానే ఆయన వైపు చూసింది.

"వెళ్లి కొత్తది తెచ్చుకో బాబూ" అంది. "మేం ఇక్కడే ఉంటాం. వెనక ఇంకా రెండు పడవలున్నాయి."